డిగ్రీ పిల్లలకు అకడమిక్ ఇంగ్లీషు: రాయించడం, మాట్లాడించడం ఎలా?

2021-22 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి వచ్చేశాయి. పాఠ్యపుస్తకం మారింది, ప్రశ్నపత్రం మారింది. క్లాసులో కూర్చున్న పిల్లలు మాత్రం వాళ్లే. అనంతపురంలో అయితే ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి వచ్చేవాళ్లు. కర్నూలులో కొందరిది ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆదోని, రాయదుర్గం వైపు చాలా ఇళ్లలో కన్నడం. వీళ్లందరినీ 'తెలుగు మీడియం బ్యాచ్' అని ఒకే గాటన కట్టేసి, పార్ట్స్ ఆఫ్ స్పీచ్ నుంచి మళ్లీ మొదలుపెడతాం. టెన్సుల దగ్గరికి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

గ్రామర్ తక్కువన్నది నిజమే. అంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. ఇంటర్ దాకా ఎవరూ వాళ్లను "నువ్వేమంటావు? ఎందుకంటావు?" అని అడిగి ఉండరు. గైడులో ఉన్నది రాస్తే మార్కులొచ్చాయి, బిట్ బ్యాంకు చదివితే పాసయ్యారు. అకడమిక్ రాతకు ప్రాణం సొంతంగా ఒక మాట తేల్చి, దానికి ఆధారం చూపడంలో ఉంది. అందుకే కింద చెప్పే వరుసలో మాట ముందు, వాక్యం తర్వాత, దిద్దుబాటు ఆ తర్వాత వస్తాయి. అరవై మంది క్లాసు, ఒక బోర్డు, పిల్లల చేతుల్లో ఫోన్లు, ఇంతే ఉందనుకుని రాస్తున్నాను. లాంగ్వేజ్ ల్యాబ్ ఉన్నా, దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడంలోనే సగం పీరియడ్ పోతుంది.

మొదటి మెట్టు: ముందు క్లాసును చదవండి

మొదటి వారం సిలబస్ జోలికి పోవద్దు. పది వాక్యాలు రాయించండి, క్లాసులోనే, ఫోను లేకుండా. 'మై యాంబిషన్', 'మై ఫేవరిట్ లీడర్' లాంటివి ఇస్తే పదో తరగతిలో బట్టీ పట్టిందే కాగితం మీదకొస్తుంది, మీకేమీ తెలియదు. ఏ గైడులోనూ లేనిది అడగండి. 'మీ ఊరి నుంచి కాలేజీకి వచ్చే దారిలో మీ చిన్నప్పటి నుంచి ఏం మారింది?' అంటే ఓర్వకల్లు వైపు నుంచి వచ్చే పిల్ల వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు గురించి రాయొచ్చు, ఇంకొకరు మూతబడిన సినిమా హాలు గురించి రాయొచ్చు. అదే విషయం మీద ఒక నిమిషం ఆడియో సాయంత్రానికల్లా క్లాసు వాట్సాప్ గ్రూపులో కాకుండా నేరుగా మీ నంబరుకు పంపమనండి. గ్రూపులో పెట్టమంటే సగం మంది పంపరు. మాట తడుముకున్నప్పుడు తెలుగు పదం వాడుకోవచ్చని చెప్పండి.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. రాత తప్పుల తడకగా ఉన్నా మాట ధారాళంగా వచ్చేవాళ్లు ఉంటారు. చక్కటి చేతిరాతతో తప్పులేని వాక్యాలు రాసి, ఆడియోలో ఇరవై సెకన్లకే ఆగిపోయేవాళ్లూ ఉంటారు. వీళ్లిద్దరినీ జంటగా కూర్చోబెడితే చాలా పని వాళ్లే చేసుకుంటారు. మార్కులు వేయొద్దు, ఎర్ర సిరా తగలనివ్వద్దు. తేదీ వేసి దాచిపెట్టండి.

రెండో మెట్టు: మాటను తెలుగులోనే తేల్చండి

'ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలి' అన్న నియమం వినడానికి బాగుంటుంది. దాని ఫలితం మాత్రం మౌనం. ఆలోచన తెలుగులో నడిపించి, తేలిన మాటను ఇంగ్లీషులోకి తేవడంలో నామోషీ ఏమీ లేదు.

బోర్డు మీద ఒక వాదన రాయండి, పిల్లలు వాదులాడగలిగేది. ఉదాహరణకు, 'కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి అమ్ముకోవడమే రైతుకు మేలు.' అవునంటారో కాదంటారో చెప్పమనండి, తెలుగులోనే. ఎవరేం చెప్పినా మీ దగ్గర ఒకే ప్రశ్న ఉండాలి: "ఎట్ల తెలుసు?"

వచ్చే జవాబులు మూడు రకాలు. 'నేను చూసినా సార్.' 'మా చిన్నాయన చెప్పినాడు.' 'పేపర్లో చదివినా.' మూడింటినీ బోర్డు మీద మూడు గళ్లలో రాయించండి. పరిశోధనలో ఆధారం అనేది ముఖ్యంగా ఈ మూడు దారుల్లోనే వస్తుందని పిల్లలు తమ నోటి మాటల్లోనే చూస్తారు. ఇప్పుడు ఒక్కో గడి కింద ఇంగ్లీషు ఎత్తుగడ ఇవ్వండి. చూసినదానికి 'వి అబ్జర్వ్డ్ దట్'. చెప్పినదానికి 'సెవరల్ ఫార్మర్స్ రిపోర్టెడ్ దట్'. చదివినదానికి 'అకార్డింగ్ టు'. వ్యాకరణ పాఠంగా చెబితే నెల పట్టేది ఇలా ఒక పీరియడ్‌లో అయిపోతుంది, ఎందుకంటే ఆ ఎత్తుగడ వాళ్లకు అప్పటికే అవసరమైంది.

ఇంకో సంగతి కూడా ఈ దశలోనే చెప్పాలి. మన వాదనకు ఒక నడక ఉంది. ఉప్పు, కర్పూరం గురించిన వేమన పద్యంలో పోలిక ముందొస్తుంది, అసలు మాట మూడో పాదంలో వస్తుంది. పంచాయితీలో పెద్దమనిషి మాట్లాడినా అంతే, నాలుగు సంగతులు చెప్పి చివర్లో తీర్పు. అకడమిక్ ఇంగ్లీషు పేరాలో తీర్పు మొదటి వాక్యంలోనే ఉండాలని పాఠకుడు ఎదురుచూస్తాడు, సంగతులు ఆ తర్వాత. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని చెప్పొద్దు. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్ల అలవాటు ఇది అని చెబితే చాలు, పిల్లలు తిరగేసి రాయడం పట్టుకుంటారు.

మూడో మెట్టు: ఒక్క పేరా, మళ్లీ మళ్లీ

వ్యాసం జోలికి ఇప్పుడే పోవద్దు. సెమిస్టర్ సగం దాకా ఒక్క పేరానే. దీనికి మంచి సరుకు పిల్లల దగ్గరే ఉంది: కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఊళ్లోకి పోయి ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తారు, రిపోర్టు మాత్రం సీనియర్ ఇచ్చిన ఫైలులో ఊరి పేరు మార్చి ఇచ్చేస్తారు. అడిగి తెచ్చిన సమాచారం నోటుబుక్కులోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి తీయండి.

అనంతపురం జిల్లాలో ఒక ఊరు తిరిగొచ్చిన విద్యార్థి మొదటిసారి ఇచ్చే పేరా దాదాపు ఇలా ఉంటుంది:

'అగ్రికల్చర్ ఈజ్ ద బ్యాక్‌బోన్ ఆఫ్ అవర్ కంట్రీ. నౌ ఎ డేస్ ఫార్మర్స్ ఆర్ ఫేసింగ్ సో మెనీ ప్రాబ్లమ్స్. గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్.'

ఇందులో గ్రామర్ తప్పు పెద్దగా లేదు. అసలు ఏమీ లేదు. దీన్ని దిద్దకండి, అడగండి. ఏ రైతులు? ఏం సమస్య? మీరు పోయిన ఊళ్లో ఏమన్నారు? అప్పుడు తెలుగులో ఇలాంటి జవాబు వస్తుందనుకుందాం: "వాన సరిగ్గా రాక చెనిక్కాయ మానేసి కంది వేస్తాండారు సార్. ఇరవై ఇండ్లు అడిగితే పన్నెండిండ్లోళ్లు అదే చెప్పినారు." పేరా ఇక్కడ పుట్టేసింది. బోర్డు మీద, అందరి ముందు, వాళ్ల చేతే ఇంగ్లీషులోకి తెప్పించండి:

'ఇన్ దిస్ విలేజ్, మెనీ ఫార్మర్స్ హావ్ షిఫ్టెడ్ ఫ్రమ్ గ్రౌండ్‌నట్ టు రెడ్ గ్రామ్. ఆఫ్ ద ట్వెంటీ హౌస్‌హోల్డ్స్ వి సర్వేడ్, ట్వెల్వ్ హ్యాడ్ మేడ్ దిస్ చేంజ్. మోస్ట్ ఆఫ్ దెమ్ గేవ్ అన్‌సర్టెన్ రెయిన్‌ఫాల్ యాజ్ ద రీజన్. దిస్ సజెస్ట్స్ దట్ ద చాయిస్ ఆఫ్ క్రాప్ డిపెండ్స్ మోర్ ఆన్ రెయిన్ దాన్ ఆన్ ప్రైస్.'

మొదటి వాక్యం తేల్చిన మాట. రెండు, మూడు ఆధారం. నాలుగోది దాని అర్థం. ఇక్కడ ఆగి, నాలుగో వాక్యాన్ని క్లాసు ముందు నిలబెట్టి విచారించండి. 'ధర గురించి మీరు అడిగారా?' అడగలేదు. అయితే 'మోర్ దాన్ ఆన్ ప్రైస్' అని రాసే హక్కు లేదు, కొట్టేయాలి. ఇరవై ఇళ్లు చూసి జిల్లా మొత్తానికి చెప్పొచ్చా? చెప్పకూడదు, కాబట్టి 'అట్ లీస్ట్ ఇన్ దిస్ విలేజ్' చేర్చాలి. చివరికి వాక్యం ఇలా మిగులుతుంది: 'దిస్ సజెస్ట్స్ దట్, అట్ లీస్ట్ ఇన్ దిస్ విలేజ్, రెయిన్‌ఫాల్ ఇన్‌ఫ్లుయెన్సెస్ ద చాయిస్ ఆఫ్ క్రాప్.' ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే జిల్లా గనుక, ఆ వర్షపాతం లెక్కను ఇంకో ఆధారంగా చేర్చొచ్చని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అననివ్వండి, ఆ వాక్యం వాళ్ల చేతే రాయించండి.

'ప్రూవ్స్' బదులు 'సజెస్ట్స్', 'ఆల్' బదులు 'మెనీ', 'విల్' బదులు 'మే'. ఇలా ఆధారం ఉన్నంత మేరకే మాట్లాడడాన్ని హెడ్జింగ్ అంటారు. పేరు గుర్తుండక్కర్లేదు. ఆధారానికి మించి మాట పొడవుగా ఉంటే కత్తిరించాలన్నది గుర్తుంటే చాలు.

ఇదే పేరాను మరుసటి వారం ఇంకో సర్వే ప్రశ్నతో, ఆపై వారం ఇంకోదానితో రాయిస్తూ పోండి. 'మళ్లీ అదేనా సార్' అంటారు. అదే.

నాలుగో మెట్టు: రాసే ముందు మాట్లాడించండి

పేరా కాగితం మీదకు రాకముందే నోట్లో నలగాలి. దీనికి నేను చూసినంతలో 4-3-2 పద్ధతికి మించింది లేదు. ఇంగ్లీషు బోధన మీద రాసిన కీత్ మారిస్ 1983లో దీన్ని వివరించాడు, తర్వాత భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చాడు. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాలు చెప్పాలి, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మూడో మనిషికి రెండు నిమిషాల్లో. విషయం మారదు, వినేవాళ్లు మారతారు, టైము తగ్గుతుంది. మూడోసారికి తడబాటు తగ్గి, మాట దానంతటదే దారిలో పడుతుంది.

మన క్లాసుల్లో బెంచీలు కదలవు. కాబట్టి పిల్లల్ని ఆరుబయట వేపచెట్టు కిందో, వరండాలోనో రెండు వరుసలుగా ఎదురెదురు నిలబెట్టండి. విజిల్ వేయగానే ఒక వరుస ఒక అడుగు పక్కకు జరగాలి. ఒకేసారి ముప్పై మంది మాట్లాడతారు కాబట్టి ఎవరి తప్పు ఎవరికీ వినబడదు. పది మంది ముందు నిలబడి నవ్వులపాలవుతామన్న భయం చాలావరకు ఇక్కడే పోతుంది. మొదటి వారాల్లో నాలుగు నిమిషాలు మరీ ఎక్కువైతే 2-1.5-1తో మొదలుపెట్టండి. ఆడపిల్లలు, మగపిల్లలు ఎదురెదురు నిలబడడానికి ఇబ్బందిపడితే బలవంతం చేయొద్దు, నెల తిరిగేసరికి వాళ్లే కలుస్తారు. పక్క క్లాసు లెక్చరర్ వచ్చి అరుస్తారు. ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

వినేవాళ్లకూ పని ఉండాలి. విన్నది ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి, లేదా ఒక ప్రశ్న అడగాలి. లేకపోతే తలూపుతూ నిలబడతారు.

ఉచ్చారణ విషయంలో యాస పోగొట్టాలని చూడకండి. సీమ యాసలో ఇంగ్లీషు మాట్లాడితే ఎవరికీ నష్టం లేదు. వినేవాళ్లకు నిజంగా అడ్డొచ్చేవి రెండు: ఊనిక, విరామం. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీషులో ఒక చోట ఒత్తాలి, పైగా పదం పెరిగితే ఆ చోటు జరుగుతుంది. 'ఎకానమీ'లో 'కా' మీద, 'ఎకనామిక్'లో 'నా' మీద. 'అనాలిసిస్'లో 'నా' మీద, 'అనలిటికల్'లో 'లి' మీద. వాళ్ల సబ్జెక్టు పుస్తకంలోంచి ఇలాంటి జంటలు వాళ్లనే ఏరుకురమ్మని, ఊనిక దగ్గర బల్ల మీద చరుస్తూ చదివించండి. విరామానికి, రాసుకున్న పేరాలో ఆగాల్సిన చోట గీతలు పెట్టి చదివి ఫోన్లో రికార్డు చేసుకోమనండి. తమ గొంతు తాము విన్నాక సగం మంది మీరు చెప్పకుండానే మళ్లీ రికార్డు చేస్తారు.

అయిదో మెట్టు: లెక్కలు, ఆధారాలు, కాపీ

సొంతంగా చూసింది రాయడం వచ్చాక, ఇతరులు రాసింది వాడుకోవడం నేర్పాలి. ప్రతి జిల్లాకూ ప్రణాళిక విభాగం ప్రచురించే గణాంక పుస్తకం ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వం ఏటా సోషియో ఎకనామిక్ సర్వే తెస్తుంది. అందులోంచి ఒక చిన్న పట్టిక ఇచ్చి మూడు వాక్యాలు రాయించండి: మొత్తం మీద ఏం కనిపిస్తోంది, అన్నిటికంటే పెద్ద తేడా ఎక్కడుంది, ఏది ఆశ్చర్యంగా ఉంది. గడిగడికీ ఒక వాక్యం రాసుకుంటూ పోవడం కొత్తవాళ్లు చేసే పని, దాన్ని ఆపాలి.

ఇక్కడ మన జిల్లాలకే ఒక చిక్కుంది, అది మంచి పాఠం కూడా. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లా విడిపోయాయి. 2020 లెక్కనూ 2023 లెక్కనూ పక్కన పెట్టుకుని 'కల్టివేటెడ్ ఏరియా ఇన్ కర్నూల్ డిస్ట్రిక్ట్ డిక్రీజ్డ్ షార్ప్‌లీ' అని రాస్తే గ్రామర్ ప్రకారం చక్కటి వాక్యమే. నిజానికి పొలం ఎక్కడికీ పోలేదు, జిల్లా గీత జరిగింది. ఈ తప్పు క్లాసులో చేయనిచ్చి, తర్వాత మ్యాపు చూపించండి.

వేరేవాళ్ల మాటను సొంత మాటల్లో చెప్పించడానికి ఒకటే ఉపాయం పనిచేస్తుంది. పేరా చదవాలి, పుస్తకం మూసేయాలి, పక్కవాడికి తెలుగులో చెప్పాలి, ఆ తెలుగును ఇంగ్లీషులో రాయాలి, అప్పుడు పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. రెండు భాషలు తెలిసుండడం ఇక్కడ లాభం. చూస్తూ పదాలు మార్చే పద్ధతి కాపీకి ఇంకో పేరు. ఎవరి మాట, ఏ సంవత్సరం అన్నది మొదటి నుంచీ రాయించాలి. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం థీసిస్‌లో వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సరిచేసి మళ్లీ సమర్పించాలి. పిల్లలు దీన్ని 'పది శాతం కాపీ కొట్టొచ్చు' అని చదువుకుంటారు. కాదని గట్టిగా చెప్పండి.

చాట్‌జీపీటీ సంగతి. నిషేధిస్తే దాచిపెట్టి వాడతారు. మొదటి చిత్తుప్రతి క్లాసులో చేత్తో రాయించండి. ఇంటి దగ్గర రాసిన దాని మీద రెండు నిమిషాలు మౌఖికంగా అడగండి: 'ఈ వాక్యంలో "మిటిగేట్" ఎందుకు వాడావు?' సొంతంగా రాసినవాళ్లకు ఇది ఆట. తప్పులు చూపించమని చాట్‌జీపీటీని అడగడం వరకు నేనైతే ఒప్పుకుంటాను.

పదజాలానికి పెద్ద తతంగం అక్కర్లేదు. భాషా పరిశోధకురాలు ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పద కుటుంబాలున్నాయి (ఒకే మూలం నుంచి పుట్టిన పదాల గుంపులు), నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బట్టీ పట్టించొద్దు. వారానికి ఎనిమిదో పదో తీసుకుని, ఏ పదం పక్కన ఏది వస్తుందో చూపించండి: 'కండక్ట్ ఎ సర్వే', 'కలెక్ట్ డేటా', 'డ్రా ఎ కన్‌క్లూజన్'.

ఆరో మెట్టు: దిద్దుబాటు

వ్యాకరణ తప్పులు దిద్దడం వృథా అని 1996లో భాషాబోధన పరిశోధకుడు జాన్ ట్రస్కాట్ వాదించాడు. అదే రంగంలోని డానా ఫెరిస్ ఒప్పుకోలేదు, ఎంచి చేస్తే ఫలితం ఉంటుందని జవాబిచ్చింది. ఆ వాదన ఇంకా తెగలేదు గానీ, అరవై కాగితాల్లో ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో చుట్టే లెక్చరర్ నెలకే అలసిపోతారన్నది మాత్రం తేలిన విషయం. విద్యార్థి ఆ ఎరుపంతా చూసి కాగితం మడిచి పెట్టేస్తాడు. ఒక్కో అసైన్‌మెంటుకు రెండే రకాల తప్పులు ఎంచుకోండి, అవే గుర్తించండి. సరైన రూపం రాసివ్వకుండా అంచులో గుర్తు మాత్రం పెట్టండి. దిద్దుకోవడం వాళ్ల పని.

మన పిల్లల రాతలో పదేపదే కనిపించేవి కొన్నే. తెలుగులో ఆర్టికల్ లేదు గనుక 'ద', 'ఎ' ఎగిరిపోతాయి. ఇది చివరికి గానీ కుదురుకోదు, దీంతో మొదలుపెట్టకండి. 'అని చెప్పాడు' అలవాటుతో ప్రతి రచయితా 'టోల్డ్ దట్' అవుతాడు, 'ఆర్గ్యూస్', 'రిపోర్ట్స్', 'పాయింట్స్ అవుట్' చేతికివ్వండి. 'ఆల్దో' తర్వాత మళ్లీ 'బట్'. 'డిస్కస్ అబౌట్'. 'ఫార్మర్స్ ఆర్ హావింగ్ ల్యాండ్'. నిన్నటి పని ఏదైనా 'హ్యాడ్ గాన్'. మొదట కాలం, తర్వాత క్రియ-కర్త పొందిక, ఆపై వాక్యాలు కలపడం, ఈ వరుసలో పోతే అర్థం చెడగొట్టేవి ముందుగా తీరిపోతాయి.

ఏడో మెట్టు: సెమినార్, వైవా (మౌఖిక పరీక్ష)

స్లైడు మీద పూర్తి వాక్యాలు ఉంటే పిల్లలు గోడవైపు తిరిగి చదువుతారు. స్లైడుకు ఒక పట్టికో ఫొటోనో, దాని మీద ఒక్క వాక్యం, అంతే ఒప్పుకోండి. అయిదు నిమిషాల సెమినార్‌లో రెండు నిమిషాలు ప్రశ్నలకు పోవాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే. ప్రశ్న అర్థం కాకపోతే మన పిల్లలు తలదించుకుని నిలబడతారు. అది తెలియకపోవడం కాదు, ఏమనాలో తెలియకపోవడం. నాలుగు మాటలు నోటికి పట్టించండి: 'కుడ్ యు ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?', 'ఆర్ యు ఆస్కింగ్ వెదర్...?', 'వి డిడ్ నాట్ కలెక్ట్ డేటా ఆన్ దట్', 'దట్ ఈజ్ ఎ లిమిటేషన్ ఆఫ్ అవర్ సర్వే.' చివరి రెండూ వైవాలో ధైర్యంగా చెప్పిన విద్యార్థిని చూస్తే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముఖం కూడా మారుతుంది. రిహార్సల్‌లో ఒక బ్యాచ్‌కు కావాలనే జవాబు లేని ప్రశ్నలు వేసే పని అప్పజెప్పండి. ఆ పని కోసం పిల్లలు పోటీపడతారు.

సెమిస్టర్‌లో దీన్నంతా ఎలా ఇరికించాలి?

వారానికి నాలుగు పీరియడ్లుంటే రెండు సిలబస్‌కు వదిలేయండి, పరీక్ష ఎటూ తప్పదు. ఒకటి మాటకు, ఒకటి రాతకు. మొదటి రెండు వారాలు మొదటి, రెండో మెట్లు. సెమిస్టర్ సగం దాకా పేరా, 4-3-2 జోడీగా. ఆపై పట్టికలు, ఆధారాలు. చివరి మూడు వారాలు పేరాలను కలిపి రిపోర్టు, సెమినార్. కాగితాల భారం తగ్గాలంటే నలుగురికి ఒక గుంపు చేసి, వారానికి గుంపుకు ఒక కాగితమే మీరు చూడండి, ఎవరిదో ఆ రోజు చీటీ తీసి తేల్చండి. మిగతా మూడూ వాళ్లలో వాళ్లు చూసుకుంటారు: తేల్చిన మాట ఏది, ఆధారం ఏది, మాట ఆధారాన్ని దాటిందా?

ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఎంత ఉంటే అంతలో సగం చివరి ప్రతికి ఇవ్వండి, మిగతా సగం మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య ఏం మార్చారో దానికి ఇవ్వండి. మార్చడానికి మార్కులున్నాయని తెలిస్తేనే తిరగరాస్తారు. రెండు ప్రతులూ కలిపి పిన్ను కొట్టి ఇస్తేనే తీసుకుంటానని మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే సెమిస్టర్ చివర్లో ఒకటే రాత్రి రెండూ రాసుకొస్తారు.